రాణి పాలివ్వాలంటే

కూతురి పురుటికని విదేశం వచ్చిన వసంత, క్రాన్‌బర్న్‌లో కూతురింటి గ్యారేజీ తలుపేసుకుని వీడియో కాల్‌లో ఉంది. అవతల తెనాలి దగ్గర పల్లెలో అప్పుడే తెల్లవారింది. మొగుడు నాగభూషణం ఆమె చీర చుట్టుకుని, ఫోన్‌ను గేదె చెవి దగ్గర పట్టుకున్నాడు. వసంత గొంతు వినపడితే తప్ప ఆ గేదె పాలు చేపదు. దాని పొగరు దానిది.

“దా తల్లీ, దా. రాణమ్మా, దా దా దా... చేపిందా?”

“చేపుతోంది. ఆపకు, ఆపకు. ఇంకాస్త ముద్దుగా పిలువు.”

“ఇంతకన్నానా? పెళ్ళయిన కొత్తలో మిమ్మల్నే ఇంత ముద్దుగా పిలవలేదు.”

“ఆ గోల ఇప్పుడెందుకే!”

“నిన్న వెన్న శాతం ఎంత పడింది?”

“పడిందిలే.”

“ఎంతండీ?”

“ఏడో, ఎనిమిదో.”

“పాలకేంద్రం చీటీ చూపించండి.”

“తడిసిపోయింది.”

“ఈసారి బిల్లు నా ఖాతాలో పడలేదేంటి?”

“సర్వర్ డౌనంట. దాన్ని పిలవవే, చేపు ఆగిపోతోంది!”

“అమ్మా! గ్యారేజీలో ఏంటీ అరుపులు? బాబు ఇప్పుడే పడుకున్నాడు. పక్కింటాయన డోర్ కొట్టి ‘యువర్ మమ్ ఓకే?’ అంటున్నాడు.”

“పాలు పితుకుతోందని చెప్పవే శ్రావ్యా.”

“ఆ బఫెలో ఇంకా ఎందుకమ్మా? మొన్న లెక్కేసి చూపించాగా. తవుడు, గానుగ చెక్క, గడ్డి, డాక్టరు... నీ కూలీ కూడా కలిపితే లీటరు లీటరుకీ లాసే. మా ఆఫీసులో అయితే ఎప్పుడో క్లోజ్ చేసేవాళ్ళం.”

“నా కూలీ ఎవడిచ్చాడని ఖర్చులో రాస్తావే? వడ్లమ్మినా మినుములమ్మినా మీ నాన్న జేబులోకే. ఆ పాల బిల్లొక్కటే నా పేరున పడేది. నీ కొడుక్కి వెండి మొలతాడు తెచ్చానే, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా కొన్నా. రాణి పోతే రేపు రవికె గుడ్డక్కూడా మీ నాన్న మొహం చూడాలి.”

“నేనిస్తాగా.”

“నువ్విచ్చినా అడుక్కోవడమేగా.”

“వసంతా, ఇటు మాట్లాడవే!”

“ఉండండి. మీ పైట అలా ఎగురుతోందేంటి? ఫోన్ పైకెత్తండి.”

“నెట్టు సరిగ్గా లేదు.”

“ఎత్తండి! ఫ్యానా? మన చావిట్లో ఫ్యానెక్కడిది?”

“ఎండలు కదా, పెట్టించా.”

“ఇరవయ్యేళ్ళు మొత్తుకున్నా వంటింట్లో నాకు పెట్టించలేదు. గేదెకి పెట్టించారా? మీరా?”

“బాబాయ్, పిన్నిని మాటల్లో పెట్టమాకు, బకెట్టు సగం కూడా నిండలా.”

“ఎవరది? ఎదురింటి సుబ్బు గొంతులా ఉందే. ఏవండీ, అసలు మీరెవరి చావిట్లో ఉన్నారు?”

“అదీ... అంటే...”

“మిమ్మల్నే!”

“అమ్మేశానే. పది రోజులైంది. సుబ్బుకే. శ్రావ్యే అమ్మేయమంది.”

“నాన్నా!”

“నువ్వు వీసా పొడిగించుకుని అక్కడే ఉంటావంట. నేనెన్నాళ్ళని చీర కట్టుకుని దాని కింద కూర్చోను? తీరా వీడింటికి తోలుకొస్తే ఒక్క చుక్క విదల్చదే! డబ్బు వెనక్కిమ్మంటాడు. అదేమో పొలంలో బోరు వేయించడానికి పెట్టేశా. అందుకని...”

“అందుకని పది రోజుల్నుంచీ నాచేత సుబ్బు గేదెకి జోల పాడించారా? తండ్రీ కూతురూ కలిసి?”

“అమ్మా, నీ మంచికేననుకుని...”

“నువ్వు నోర్ముయ్యి. నా గేదెని అమ్మేముందు నన్నొక్క మాట అడగాలనిపించలేదు ఒక్కరికీ.”

“పిన్నీ, బాబాయిని తర్వాత తిట్టుకో. దణ్ణం పెడతా, ఒక్కసారి పిలువు. తన్నేట్టుంది.”

“పిలుస్తాలే సుబ్బూ. గేదె ఖరీదు మీ బాబాయికిచ్చావు. మరి ఈ గొంతు ఖరీదు ఎవరికిచ్చావు? పాల బిల్లులో సగం నా పేరున పడేలా కేంద్రంలో రాయించుకుని రా. అందాకా మీ బాబాయినే పితుక్కో.”