టీచరమ్మ గది బయటికి వెళ్ళినప్పుడు

అమ్మలారా, అయ్యలారా, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఈ చిన్నపిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్న పెద్దమనుషులారా!

ఈ బడి గదిలో ఇంతమందిని చూడడం నాకిది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు మీరంతా ఒక మాట ఇచ్చారు. మీరు కాకపోతే మీ అమ్మానాన్నలు ఇచ్చారు. పిల్లలు చాలకపోతే బడి మూసేస్తామని పైనుంచి కబురొచ్చిన ఏడాది అది. "మన వీధి పిల్లలు మన వీధి బడికే" అని అందరూ చేతులెత్తారు. చప్పట్లు కొట్టారు. సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజున ఇక్కడ కూర్చున్నది వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. అందులో మా అమ్మాయి ఒకతె. తర్వాత పక్క వీధుల పిల్లలు చేరబట్టి బడి ఎలాగో నిలబడింది. ఇవాళ టీచరమ్మ పోయారని తెలిసి ఇంతమంది వచ్చారు. ఆనాడు రావలసినవాళ్ళు ఇవాళ వస్తే ఎవరికి లాభం?

అధ్యక్షులవారు నాకు అయిదు నిమిషాలు ఇచ్చారు. అధ్యక్షులవారు మా ఆవిడ తమ్ముడు, నా బావమరిది. ఆయన వీధి సంఘానికి అధ్యక్షుడు కాని రోజు నాకు గుర్తులేదు. గడియారం నా వీపు వెనక ఉంది కాబట్టి అయిదు నిమిషాలంటే ఎంతో నాకు తెలియదు. కొంచెం అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడతాను, క్షమించండి. ఈ గదిలో ఒకచోట నిలబడలేకపోతున్నాను.

పిల్లను ఏ బడిలో వెయ్యాలి? ఇక్కడ చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళందరికీ ఇదే బెంగ. నాకూ ఒకప్పుడు ఇదే బెంగ. నేను గ్రంథాలయంలో పనిచేసినవాణ్ణి. చదువుల గురించి దొరికిన పుస్తకమల్లా చదివి, అడగవలసిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వచ్చాను. తోడుకి ఒక బంధువును కూడా తెచ్చుకున్నాను. ఆయన ఎవరో తర్వాత చెబుతాను.

టీచరమ్మ నా కాగితం వైపు చూడనే లేదు. "ముందు మరుగుదొడ్డి చూడండి. తర్వాత మంచినీళ్ళ కుళాయి చూడండి. ఆ తర్వాత నన్ను చూద్దురుగాని" అన్నారు. చూశాం. మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ ఉంది. అయిదేళ్ళ పిల్ల చేతికి అందేటంత కింద ఉంది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ గడియ సంగతి లేదు.

తర్వాత మా ఇద్దరినీ అదిగో, ఆ వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. పాఠం మొదలైంది. పాఠం మధ్యలో సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లలతో ఒక్క మాటైనా అనకుండా టీచరమ్మ బయటికి వెళ్ళిపోయారు. వరండాలో స్టూలు మీద, మాకు గానీ పిల్లలకు గానీ కనబడకుండా కూర్చున్నారు. ఇక్కడ ఏమైందో తెలుసా? ఒకడు కిటికీ ఎక్కి దిగాడు. ఇద్దరు కొట్టుకోబోయి, ఎందుకోగానీ మానుకున్నారు. ముందు వరుసలో రెండు జడల పిల్ల ఒకతె లేచి, పాఠం ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి చదవడం మొదలుపెట్టింది. తప్పు చదివినచోట వెనకనుంచి ఎవరో దిద్దారు. గోల ఉంది. కానీ పాఠం నడిచింది.

ఆవిడ తిరిగొచ్చి మాతో అన్న మాట ఇది. "నేనుంటే అందరూ బుద్ధిమంతులే. నేను లేనప్పుడు ఏం చేస్తున్నారో చూసుకుని మీ పిల్లను చేర్చండి."

చేర్చాను. పిల్లను చేర్చాలని ఎవరొచ్చినా ఆవిడ ఇదే చేసేవారు. బదిలీ మీద వెళ్ళి, మళ్ళీ అడిగి ఈ బడికే వచ్చాక కూడా ఇదే పద్ధతి. అందరూ తల్లిదండ్రులకు ఫలితాలు చూపిస్తారు. ఈవిడ ఖాళీ కుర్చీ చూపించేవారు.

ఇక మీరిచ్చిన ఆ మాట ఎలా పోయిందో వినండి. మీరంతా చేతులెత్తిన మర్నాడే వీధి తరఫున ఒక పెద్దమనిషి బడిని పరీక్షించి వస్తానని బయలుదేరాడు. మంచిదే కదా? అదే వేళకు వేరే వీధి తల్లి ఎవరో వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. టీచరమ్మ మామూలుగానే బయటికి వెళ్ళారు. ఈయన గదిలోకి అడుగైనా పెట్టకుండా కిటికీలోంచి తొంగిచూసి, అట్నుంచటే వెళ్ళిపోయాడు. సాయంత్రానికి వీధి వీధంతా ఒకటే మాట. "క్లాసులో టీచరు లేదు. పిల్లల్ని గాలికొదిలేశారు. కళ్ళారా చూశాను."

కళ్ళారా చూశాడు, నిజమే. కానీ చూసింది ఏమిటో ఆయనకు తెలియదా? తెలుసు. నాకు తోడుగా వచ్చి ఆ వెనక బెంచీ మీద నా పక్కన కూర్చున్న బంధువు ఆయనే కదా! ఆ రెండు జడల పిల్ల చదువు విని, దారిలో నాతో "బావా, ఈవిడెవరో గట్టి మనిషే" అన్నది ఆయనే కదా!

మరి ఎందుకు చేశాడు? తన కూతురికి మెయిన్ రోడ్డు మీది పెద్ద స్కూల్లో, ఇంటి గుమ్మం దాకా బస్సు వచ్చే స్కూల్లో సీటు అప్పటికే ఖాయం చేసుకున్నాడు. ఒక్కడూ మాట తప్పితే వీధిలో తలెత్తుకోలేడు. వీధంతా తప్పితే దానికి పేరు వేరు.

నేను ఊరుకోలేదు. గడపగడపకీ వెళ్ళి అసలు సంగతి చెప్పాను. "మీరు చదివింది చెబుతున్నారు, ఆయన చూసింది చెబుతున్నాడు" అన్నారు మీరు. టీచరమ్మ దగ్గరికి వచ్చి, మీరే ఒకసారి వీధిలోకి వచ్చి చెప్పండి అని బతిమాలాను. "చెప్పి ఒప్పిస్తే రేపు ఇంకొకరు చెప్పి మాన్పిస్తారు. వచ్చి ఒక పూట కూర్చోమనండి, అంతే" అన్నారు. ఎవరొచ్చారు? ఒక్క పూట. ఒక్క పూట కూర్చోవడానికి ఎవరొచ్చారండీ?

అధ్యక్షులవారు చీటీ పంపారు. తర్వాత చదువుతాను.

ఇంకొకటి చెప్పాలి. కొన్నేళ్ళకు, ఆ పెద్ద స్కూలుకు వెళ్ళే పిల్లకు చదవడమే రాదని తేలింది. పద్యాలు అప్పజెబుతుంది, పేజీ తిప్పి ఇస్తే నోరు పెగలదు. మా ఆవిడ తన మేనకోడల్ని చెయ్యి పట్టుకుని సాయంత్రాలు ఈ బడి వెనక గేటు లోంచి తీసుకొచ్చేది. ముందు గేటు నుంచి వస్తే తమ్ముడి పరువు పోతుందని. టీచరమ్మ ఎందుకని అడగలేదు. ఆ వెనక గేటు కిర్రుమంటే పిల్ల ఉలిక్కిపడుతోందని, తానే మడతబందుల్లో నూనె పోశారు. ఆ పిల్ల ఇవాళ ఈ సభలోనే ఉంది. నన్ను చూసి తల ఊపింది, అందుకే చెప్పాను.

మొన్న మా అమ్మాయి తన కూతుర్ని ఇక్కడ చేర్చాలా వద్దా అని చూసుకోవడానికి వచ్చింది. ఆ వెనక బెంచీ మీదే కూర్చుంది. పాఠం మధ్యలో టీచరమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళారు. లోపల చదువు సాగుతూనే ఉంది. బెల్లు కొట్టే వేళ దాటిపోయింది. మా అమ్మాయి లేచి వరండాలోకి వెళ్ళి చూసింది. స్టూలు మీద గోడకు ఆనుకుని ఉన్నారు. పెద్దవాళ్ళు పరుగులు పెడుతుంటే, లోపల ఎవరో పిల్ల ఆ పేజీ చివరిదాకా చదువుతూనే ఉందట.

ఆ రాత్రి మా అమ్మాయి "నాన్నా, దాన్ని ఇక్కడే వేస్తాను" అంది. ఎక్కడ వేస్తుంది? అధ్యక్షులవారి జేబులో తీర్మానం సిద్ధంగా ఉందట. టీచరే లేదు కాబట్టి బడి మూసేసి, ఈ గదిని వీధి సంఘానికి ఇమ్మని అడుగుతారట, దానికి ఆవిడ పేరే పెడతారట. పేరు గోడకు, తాళం తలుపుకు. ఇంకో టీచరును పంపమని అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. చంటిపిల్లల తల్లులారా, చేతులెత్తమని మిమ్మల్ని అడగను. ఆ ముచ్చట ఒకసారి చూశాను. సెలవులయ్యాక బడి తెరవాల్సిన రోజున పిల్లల్ని తీసుకుని రండి. తాళం కనిపిస్తే దాని ముందే కూర్చోండి.

ఇక లేవండి. అందరూ లేవండి. బెంచీలు చప్పుడు కాకుండా. టీచరమ్మ గది బయటికి వెళ్ళారు. ఆవిడ లేనప్పుడు ఎలా ఉండాలో ఇక్కడి పిల్లలకు తెలుసు. మనకు తెలుసో లేదో, మౌనంగా కాసేపు నిలబడి చూసుకుందాం. వీధి మీద నాకు కోపం ఎప్పుడో చల్లారింది. మీరు విన్నది నమ్మారు. చూసిన మనిషి మీద మాత్రం చల్లారలేదు, చల్లారదు. ఈ గదిలో పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీ ఒక్కటే ఉంది, అది ఆవిడది. అందరూ లేచారు, ఇంకా లేవనిది నువ్వొక్కడివే. ఆ కుర్చీలోంచి లే, బావమరిదీ.