సూర్యుడు మింగిన గొంతు

రేవు పక్క రేడియో గదిలో ఆమె మైకు వదలకుండా సముద్రంలోకి వెళ్ళిన అన్నయ్య పడవను పిలుస్తూనే ఉంది. పక్క గదిలో దుర్భిణితో సూర్యుణ్ణి గమనించే పెద్దాయన తలుపు తోసుకుని వచ్చాడు.

"బాబాయ్, అన్నయ్య పలకడం లేదు."

"మిగతా పడవలు పలుకుతున్నాయా?"

"వాటినెక్కడ పిలిచాను! ఇందాకటి నుంచీ అన్నయ్యనే పిలుస్తున్నా."

"పిలిచి చూడు."

పిలిచింది. ఒక్కటీ పలకలేదు.

"అమ్మో, అందరూ మునిగిపోయారా?"

"అవేం మాటలు! గాలి లేదు, వాన లేదు, అన్నీ ఒక్కసారే ఎలా మునుగుతాయి? ఇది సూర్యుడి నిర్వాకం. పొద్దున్నుంచీ అక్కడ ఒక పెద్ద మచ్చ దగ్గర అయస్కాంత రేఖలు చిక్కుపడ్డ దారాల్లా మెలితిరిగి ఉన్నాయి. ఇందాక అవి తెగి మళ్ళీ ముడిపడ్డాయి, ఆ ఊపుకి పెద్ద మంట లేచింది. దాని కిరణాల దెబ్బకి పైన గాలిపొర మన రేడియో తరంగాల్ని మింగేస్తోంది. కాసేపట్లో అదే సర్దుకుంటుంది."

"నిజంగానా బాబాయ్? లైఫ్‌జాకెట్ వేసుకోనన్నాడని పొద్దున పోట్లాడి, 'నీతో ఇక మాట్లాడితే ఒట్టు' అనేశాను. అదే ఆఖరి మాటవుతుందేమోనని..."

"పిచ్చిదానా, ముందు కూర్చో."

కూర్చుంది. చాలాసేపటికి రేడియో గరగరలాడింది.

"ఏమే! ఇంతసేపూ గొంతు చించుకుంటున్నా, పలకవేం? అన్నంత పనీ చేశావే!"

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నేను కాదన్నయ్యా, సూర్యుడు. అదంతా తర్వాత చెప్తాగానీ, నువ్వు తిట్టు. ఇంకాసేపు తిడుతూనే ఉండు."