హాల్లో జనం ఏమన్నారు

"ఇంకోటి చదవండి."

కుడికంటికి ఆపరేషన్ అయి కట్టుతో ఉన్న ఆ ఇల్లాలికి ఎడమకంటితో మనిషి ఆకారం తప్ప అక్షరం ముక్క ఆనదు. ఆవిడ పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉంది. ఎదురుగా స్టూలు మీద ఫోను పట్టుకుని కూర్చున్నది ఆవిడ భర్త, ఒకప్పుడు ఒకే ఒక్క హత్య సినిమా తీసిన దర్శకుడు. ఆ పాత సినిమాని ఎవరో ఈ వారం నెట్‌లో పెట్టారు. చూసినవాళ్ళు కింద రాసిన అభిప్రాయాలని ఆయన చదువుతున్నాడు, ఆవిడ వింటోంది. అందులో హంతకురాలి వేషం ఆవిడదే. మొదటిదీ అదే, ఆఖరిదీ అదే.

"ఇదెవరో కుర్రాడు రాశాడు. 'శవం ఊపిరి పీలుస్తోంది, పొట్ట చూడండి' అని."

"పీల్చక ఏం చేస్తాడు పాపం. పొద్దున్నుంచీ నేల మీద పడుకోబెడితిరి. మధ్యలో గురక కూడా పెట్టాడు."

"గురక పెట్టిన ముక్క తీసేశాంగా."

"ఇంకా?"

"ఇన్‌స్పెక్టర్ మీసం ఇంటర్వెల్ తర్వాత సగమైందట. ఎలక కొట్టిందా అని అడుగుతున్నాడు."

"నిజంగా ఎలకే కదా కొట్టింది."

"అదే, వీడికెలా తెలిసిందా అని చూస్తున్నా. ఇదిగో, ఇంకొకాయన. 'అంత హత్య జరిగితే రక్తమంతా బుద్ధిగా దుప్పటి మీదే పడిందేమిటి' అని."

"ఇంటి ఓనరు కాపలా కూర్చుంటే నేల మీద ఎలా పడుతుంది? గచ్చుకి రంగంటితే ఊరుకోనన్నాడు. ఇంకా?"

"'ఇంత తక్కువ ఖర్చులో, ఒక్క ఇంట్లో, సినిమా అంతా లాగేశాడు. దర్శకుడు గట్టివాడు.' ఇది బావుంది కదూ?"

"బావుంది. పొద్దున కాఫీ తాగేటప్పుడు కూడా బావుంది."

"పొద్దున చదివానా?"

"చదివారు."

"ఇద్దరు వేరేవేరేగా రాశారేమో."

"అయ్యుంటుంది. నా గురించి ఎవరూ రాయలేదా?"

"రాశారు. ఉండు, కిందకి వెళ్ళాలి. ఈ ఫోన్లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఇదిగో... 'పెద్ద కోడలి వేషం వేసినావిడ ఫరవాలేదు.'"

"ఫరవాలేదా."

"ఫరవాలేదంటే మంచిమాటే కదా."

"అంతేనా?"

"ఇంకొకడు... వద్దులే."

"చదవండి. ఈ వయసులో నాకేం వేషాలు తప్పిపోతాయని. నాకు చేతనయ్యిందా లేదా, ఆ ఒక్క సంగతీ తెలిస్తే చాలు."

"'కొంచెం ఎక్కువ చేసింది' అని రాశాడు. వీళ్ళకేం తెలుసు, వదిలెయ్."

"ఎక్కువ చేసింది."

"నేననలేదు, వాడన్నాడు."

"అప్పుడు హాల్లోనూ ఇదే మాట కదా. నేను పురిటి మంచం మీద ఉన్నాను. మీరు మొదటాట చూసొచ్చి పక్కన కూర్చుని చెప్పారు. ఆఖరి సీనులో జనం నవ్వారు, ఎక్కువ చేసిందన్నారు, అని. ఇన్నేళ్ళకి మాటైనా మారలేదు."

"జనం అంతే. ఎప్పుడూ ఒకేలా..."

"ఆ సీను ఇందులో ఉందా?"

"ఏ సీను?"

"నేను చొక్కాలు మడతపెట్టే సీను. మీరు కత్తిరించింది."

"లేదు. కత్తిరించాక ఎలా ఉంటుంది? ఇన్‌స్పెక్టర్ వచ్చి, హంతకురాలు పెద్ద కోడలే అని రెండు ముక్కల్లో చెప్పేస్తాడు. అంతే, శుభం."

"మీరు ఆఖరి దాకా చూశారా?"

"చూశాను. చూసినట్టే. మధ్యలో నీకు చుక్కలు వేసే టైమైంది."

"అదంతా ఒకే షాటు. డబ్బాలో మిగిలిన ఫిలిం అంతే, తప్పు చేశావా మళ్ళీ తీయడానికి లేదు, నేను మునిగిపోతాను అని నా చెవిలో చెప్పారు. పోయిన మొగుడి చొక్కాలు ఒక్కొక్కటీ బొత్తాలు పెట్టి మడతపెడుతూ, ఎందుకు చంపానో చెప్పాలి. ఎక్కడా తడబడకుండా చెప్పాను. మీరు కట్ అన్నాక కూడా నా చేతులు ఆగలేదు. మిగిలిన చొక్కా కూడా మడిచి పెట్టి లేచాను."

"గుర్తుందిలే."

"దానికి జనం నవ్వారన్నారు. నాకు హాలంటే మీ నోట విన్నదే కదా, నమ్మాను. మళ్ళీ మొహానికి రంగు పూసుకోలేదు. అమ్మాయి స్కూల్లో నాటకం వేస్తూ, నాలుగు మాటలు ఎలా పలకాలో చెప్పమని కాళ్ళావేళ్ళా పడింది. చెప్పలేదు. నా దగ్గర నేర్చుకుంటే దాన్ని కూడా చూసి నవ్వుతారని."

"ఎప్పటి సంగతులో ఇప్పుడెందుకు తవ్వడం? డాక్టరు కన్ను తడవకూడదన్నాడు."

"నేనేం ఏడవడం లేదు. ఏడ్చింది అమ్మాయి."

"అమ్మాయా? ఎప్పుడు?"

"పొద్దున, మీరు మందుల షాపుకి వెళ్ళినప్పుడు ఫోన్ చేసింది. సినిమా చూసిందట, ఆఖరి దాకా. చొక్కాల సీను ఉందట."

"ఉందా?"

"ఉందా అని నన్నడుగుతారేం, ఫోను మీ చేతిలో పెట్టుకుని?"

"అయితే అది ఎడిటర్ దగ్గరి ప్రింటు అయ్యుంటుంది. వాడు కత్తిరించనిది ఒకటి దాచుకున్నట్టున్నాడు. వాడు పోయాక వాళ్ళబ్బాయి తీసి..."

"అప్పుడు పురిటికి నేను ఆస్పత్రిలో ఉంటే ఎడిటర్ అన్నయ్య వచ్చి, నా మొహంలోకి చూడకుండా కాసేపు కూర్చుని లేచిపోయాడు. ఎందుకో ఇప్పుడర్థమవుతోంది. సరే, ఎవరిచ్చారన్నది కాదు నేనడిగేది. కింద రాసినవన్నీ అమ్మాయి చదివి వినిపించింది. మీరు చదివిన శవం, మీసం, దుప్పటి, అన్నీ ఉన్నాయి. మిగతావన్నీ చొక్కాల గురించే. ఒకావిడ పనంతా మానుకుని ఆ సీనే మళ్ళీ మళ్ళీ పెట్టుకు చూసిందట. ఒకాయనకి వాళ్ళమ్మ గుర్తొచ్చిందట. ఎక్కువ చేసిందని ఒక్కరంటే ఒక్కరు రాయలేదు. ఆ మాట మీరు కల్పించారు."

"పొగడ్తలు వింటే ఏడుస్తావని. కన్ను..."

"తిడితే ఏడవనా?"

"అది కాదు."

"ఆ హాల్లో టికెట్లు చింపినాయన కూడా రాశాడు. ఇప్పుడు బాగా పెద్దాయన. ఆ సీను వస్తుంటే నములుతున్నవాళ్ళు నమలడం మానేశారట. ఆట అయ్యాక బయటికి కదలకుండా, ఆ రీలు మళ్ళీ వెయ్యండని గోల చేశారట. మర్నాడు తమవాళ్ళని వెంటబెట్టుకొచ్చి, ఆ సీనేదీ, ఏం చేశారు, అని గేటు దగ్గర తగువుకి దిగారట. ఎవరు నవ్వారండీ?"

"ఎవరో నవ్వారు. వెనక వరసలో."

"వెనక వరసలో మీరు కూర్చున్నారు. వెనక నుంచి జనం తలలు చూస్తే సినిమా సంగతి తెలిసిపోతుందని మీరే అనేవారు."

"ఒకరిద్దరు నవ్వినట్టు నాకు వినిపించింది."

"నిజం చెప్పండి."

"బయటికొస్తుంటే ఒకటే మాట. ఎవరీవిడ, ఎవరీవిడ. తీసిందెవరు అన్నవాడు లేడు. రాత్రీ పగలూ చచ్చీ చెడీ తీసింది నేను. కథ నేను రాశాను, చొక్కాలు మడతపెట్టమని నేను చెప్పాను. ఒక్కడంటే ఒక్కడు నా పేరెత్తలేదు."

"అందుకని కోసేశారు."

"ఆవేశంలో. నాలుగు రోజులాగి అతికిద్దామనే అనుకున్నాను. ఈలోగా సినిమా ఎత్తేశారు."

"పోనివ్వండి. సీను పోతే పోయింది, ఉక్రోషంలో కోశారనుకుంటాను. నేను పొద్దున్నుంచీ గొంతులో పెట్టుకుని కూర్చున్నది అది కాదు. అమ్మాయి ఏడ్చింది కూడా దానికి కాదు."

"మరి దేనికి?"

"ఇంకా కిందకి వెళ్ళండి. ఎక్కడుందో మీకు తెలుసు."

"నాకేం కనపడ్డం లేదు."

"ఆపరేషన్ అయింది నాకు. సరే, నేనే చెప్తాను, నోటికొచ్చేదాకా చదివించుకున్నాను. సగం మంది నా ఆత్మకి శాంతి కలగాలని రాశారు. ఎంత మంచి నటి, చిన్న వయసులోనే పోయింది పాపం, అని. ఎలా పోయిందని ఎవరో అడిగారు. దానికో పెద్దమనిషి జవాబిచ్చాడు. ఒక పెద్ద నిర్మాత దగ్గర మేనేజరుగా చేశాడట. మొదటాట చూసి నిర్మాతగారు ఆవిడ కావాలన్నారు, వాళ్ళింటికి కబురు పంపాం, మర్నాడు ఆవిడ భర్తే ఆఫీసుకొచ్చాడు, కాన్పులో పోయిందని చెప్పి తల వంచుకుని నుంచున్నాడు, అని రాశాడు."

"వాళ్ళు వదల్లేదు. కాదంటే వినేరకం కాదు. నోట్లోంచి అదే వచ్చేసింది."

"అప్పుడు నేను ఆస్పత్రిలో పిల్లకి పాలిస్తున్నాను."

"అనాలని వెళ్ళలేదు. పంపనంటే ఎందుకంటారు. ఏం చెప్పాలో తోచలేదు."

"అమ్మాయి ఏమందో తెలుసా? అమ్మా, నేను పుట్టి నిన్ను చంపేశానని నాన్న చెప్పుకున్నాడా, అంది. ఏం జవాబు చెప్పను దానికి?"

"నేను మాట్లాడతాను దానితో."

"మీరు దానితో మాట్లాడొద్దు. ముందు నాకు చెప్పండి. మీకు ఉద్యోగమొచ్చింది ఆ నిర్మాత కంపెనీలోనే కదా? పిల్ల కాలుపెట్టిన వేళ అని నేను ఇరుగూపొరుగూ అందరికీ చెప్పుకున్నాను."

"ఆయన మంచివాడు. పసిగుడ్డుతో ఒంటరిగా ఎలా నెగ్గుకొస్తావయ్యా అని..."

"జాలిపడి ఇచ్చాడు."

"ఇచ్చాడు."

"రిటైరయ్యేదాకా అక్కడే చేశారు. నేను తిన్న తిండి, కట్టిన బట్ట, ఈ ఇల్లు, అన్నీ నేను పోయానని జాలిపడి ఇచ్చినవే."

"అలా అనకు."

"ఎలా అనమంటారు? పిల్లని ఎవరు పెంచుతున్నారని అడగలేదా ఎవరూ?"

"మా అక్క అని చెప్పాను."

"ఓహో. ఓసారి వానలో గొడుగు తీసుకుని మీ ఆఫీసుకొచ్చాను. గేటు దగ్గరాయన లేచి నిలబడి, రండి అక్కగారూ అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. మీరు పరుగెత్తుకొచ్చి, గొడుగు అందుకుని, అటునుంచటే పంపేశారు. ఇంకెప్పుడూ రావొద్దన్నారు. నేను అపార్థం చేసుకోలేదు. ఈ మొహం ఎవరికైనా గుర్తుంటే నవ్వుతారు, మీకు తలవంపులు అనుకున్నాను. అంతే, మళ్ళీ ఆ వీధికే రాలేదు. మీ ఆఫీసు తోటివాళ్ళింట్లో శుభకార్యాలకి మీరొక్కరే వెళ్తుంటే, గుమ్మంలో నిలబడి చేతికి బహుమతి అందించాను. నవ్వుతారనే భయంతో ఇన్నేళ్ళు ఇంట్లో కూర్చున్నానండీ."

"నవ్వేవాళ్ళు కాదు."

"మరేం చేసేవాళ్ళు?"

"ఆ రోజు నువ్వు లోపలికి వచ్చుంటే తెలిసేది."

"ఏం తెలిసేది?"

"చొక్కాల సీనులోంచి నీ బొమ్మ తీసి, పెద్దది చేయించి గోడకి పెట్టారు. నిర్మాతే పెట్టించాడు. లోపలికి రాగానే ఎదురుగా అదే. ఏటా అమ్మాయి పుట్టినరోజునాడు అందరూ కాసేపు పనాపి వచ్చి, దాని ముందు పూలు పెట్టేవాళ్ళు."

"మీరూ పెట్టేవారా?"

"అందరికన్నా ముందు నన్నే పెట్టమనేవాళ్ళు."