లస్మయ్య విప్పని ఉత్తరాలు

పద్మారాణి వదినా, సంఘం పెద్దలారా, సగం డ్యూటీ వదిలి వచ్చిన అన్నలారా, అక్కలారా,

పర్వత్ పాటియాలోని ఈ హాలులో పెళ్ళిళ్ళు చూశాం, పంచాయితీలు చూశాం. ఇంతమంది కూడి ఇంత మెల్లగా మాట్లాడుకోవడం ఎన్నడూ చూడలేదు. సోమలింగం అన్న పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. మెట్లెక్కితే ఆయన కాగితాల గది. సూరత్ వచ్చిన మన నేత కుటుంబాల ఉత్తరాలు, రేషన్ కార్డులు, సంఘం పాత పుస్తకాలు అన్నీ అందులోనే. ఆరేళ్ళు ఆ గదిలో ఆయన పక్కన కూర్చుని పేర్లు రాసుకున్న నీరజను నేను.

ముప్పై ఏళ్ళ సాంచాల మోత, ఆ మరమగ్గాల మోత, ఆయన చెవులు తినేసింది. ఏం చెప్పాలన్నా చీటీ రాసివ్వాలి. అలాంటి మనిషి కాగితాల్లో ఏం విన్నాడు?

లస్మయ్య గుర్తున్నాడా? పదిహేనేళ్ళ కిందట ఈ వెనక గల్లీలోనే జ్వరంతో పోయాడు. గదివాళ్ళు సామాను పారేస్తుంటే అన్న ఒక రేకు పెట్టె తెచ్చుకున్నాడు. అందులో ఊరి నుంచి తల్లి రాయించిన ఉత్తరాలు, నలభై ఒకటి. ఒక్కటీ విప్పలేదు. లస్మయ్యకు చదువు రాదు. రాదని ఒకరికి చెప్పుకోవడానికి సిగ్గు.

అన్న వాటిని రోజుకొకటి, ఖాళీ గదిలో, గట్టిగా చదివాడు. ఎవరికోసమని వదిన సైగ చేస్తే, "పేరు రాసున్నోనికే. ఇనకుండ పోయిండు గద, ఇనేదాంక ఏడికి పోతడు?" అన్నాడట.

పోయిన ఏడాది లస్మయ్య చెల్లెలు బుచ్చవ్వ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలు. కిటికీ నిండా ఎండ. అన్న ఒక ఉత్తరం తీసి చదవసాగాడు. రెండో వాక్యానికే ఆమె ముందుకు జరిగి కూర్చుంది. అన్న "బిడ్డా" అంటాడు, ఆగుతాడు, పొడిగా దగ్గుతాడు, మళ్ళీ "బిడ్డా" అంటాడు. నేను కాగితం చూశాను. ఆ మాట అందులో ఒక్కసారే ఉంది.

చదవడం అయ్యాక బుచ్చవ్వ, తల్లిని తలచుకుని, "మా అవ్వ గట్లనే దగ్గుతుండె. నీకెట్ల దెల్సు సారూ?" అంది. ఆ మాట చీటీ మీద రాసిచ్చాను. అన్న చదివాడు.

"నేను దగ్గిన్నా?" అన్నాడు.

బుచ్చవ్వ మూడు రోజులుండి నలభై ఒకటీ విన్నది. పెట్టె తీసుకుపొమ్మంటే వద్దంది. "ఇంట్ల వెడితే మూగదైతది. నీ కాడనే ఉండనియ్" అంది.

ఇప్పుడా గది ఎవరిది? వంట సామాను పెట్టుకోవడానికి ఖాళీ చేయాలని కమిటీ అనుకున్న మాట నిజం. సోమవారం మన కార్యదర్శి నరహరి గారు ఒక్కరే తాళం తీసి లోపలికి వెళ్ళారు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చారు. తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "గది గట్లనే ఉండనియ్ బిడ్డా" అన్నారు. ముందు వరుసలోనే ఉన్నారు. నరహరి గారూ, లోపల ఏం జరిగిందని నేను అడగను. అన్నలారా, అక్కలారా, మీరూ అడగకండి.

అందరం లేద్దాం. ఎవరైనా ఆ ఫ్యాన్లు ఆపండి. ఫోన్లు కూడా. అన్న ఇన్నేళ్ళు బతికింది నిశ్శబ్దంలోనే. రెండు నిమిషాలు మనమూ అందులోకి వెళ్దాం. వెళ్ళి, విందాం.