బత్సేబా అవ్వ పొగ

హలో… ఆ, దోర్కాస్‌నే మాట్లాడుతున్నా. ఎవరూ?

…లారాసా? జకార్తా లారాసేనా. రెండేళ్ళయింది కదమ్మా.

ఉండు, గాలికి వినపడట్లేదు. జెట్టీ చివరికి వస్తున్నా, ఇక్కడొక్కచోటే సిగ్నల్… టవర్ కడతామని వచ్చారు. ఇనుప కమ్మీలు దించి వెళ్ళిపోయారు. వాటి మీద చేపలు ఎండేసుకుంటున్నాం.

ఆ, ఇప్పుడు చెప్పు.

…పుస్తకమా? నువ్వు మా ఊరి మీద రాసిందేనా?… ఓహో, అన్ని దీవులవీ కలిపి. మంచిదే.

…ఫోటోలు తీసే మనిషినా? తీసుకురా. ఓడ ఇప్పటికీ పదిహేను రోజులకోసారే. పోయినసారి పడుకున్న గదే ఇస్తా. దోమతెర కొత్తది కొన్నాను.

ఎవరి ఫోటో?…

బత్సేబా అవ్వదా.

…

లేదు, వింటున్నా.

అవ్వ లేదమ్మా… లేదంటే, పోయింది. పోయిన వానల్లో… జబ్బు కాదు.

…నీ నంబరు నా దగ్గరుంది, అవును. చేయాలనిపించలేదు.

నిలబడి ఉన్నావా? కూర్చో. చెబుతా.

నీ పత్రిక ఓడలో వచ్చింది. ఎనిమిది ప్రతులు. ‘సెరాం దీవి అంచున మరిచిపోయిన ఊరు’ అని పెద్దక్షరాలు. మా వాయ్‌మోరి పేరు అచ్చులో చూడ్డం అదే మొదటిసారి. పాస్టరు చర్చిలో అంతా చదివి వినిపించాడు. చాపల మీద ఆరబోసిన లవంగాలు, సాగో రొట్టెలు, తెల్లారి వచ్చే చేపల పడవలు… ఎంత బాగా రాశావో. ఊరిపెద్ద మతేయిస్ ఆ పేజీలకి అద్దం కట్టించి తన కొట్లో తగిలించుకున్నాడు. బియ్యం బస్తాల పైన, అందరికీ కనపడేలా.

అందులో ఆ నాలుగు వాక్యాలూ ఉన్నాయిగా.

…అవే. ఊరి చివరింట్లో బత్సేబా అనే ముసలామె ఉంటుందని. ఆమె ఎదురైతే జనం దారి దాటి అవతలికి పోతారని. ఆమెని సువాంగి అంటారని… సువాంగి అంటే చేతబడి చేసే మనిషని నువ్వే కింద రాశావు కూడా.

…నేనే చెప్పాను. కాదనట్లేదు.

నీకు గుర్తుందో లేదో. నా వాకిట్లో వేపిన అరటిపండు తింటూ అడిగావు. ఓడ, లవంగం, చేప ఏ ఊళ్ళోనైనా ఉంటాయక్కా, మీ ఊళ్ళో మాత్రమే ఉండేదేదైనా చెప్పు అని. నాకేం తోచలేదు. ఆ పొద్దున్నే అవ్వ కోడి నా మిరప మొక్కలన్నీ కెలికేసింది. ఇద్దరం మాటామాటా అనుకున్నాం. ఆ మంట మీద నోటికొచ్చింది చెప్పాను. నీ మొహం వెలిగిపోయింది. దాంతో ఇంకొంచెం చెప్పాను.

…ఎవరూ దారి దాటేవాళ్ళు కాదు. నా ముగ్గురు పిల్లల్నీ బయటికి తీసింది ఆవిడ చేతులే. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసింది. ఆకు కాచి నూనె తీసేది, ఒళ్ళు నొప్పులంటే వచ్చి రాసేది. అదీ ఆవిడ చేసిన చేతబడి.

నువ్వెళ్ళి అడగలేదుగా. మా గడపకీ ఆవిడ గడపకీ అరవై అడుగులు. రెండు రోజులున్నావు.

…సరే. ముందు విను, తర్వాత ఏడువు.

ఏడాది వరకూ ఏం కాలేదు. పిల్లలు మాత్రం అచ్చులో పడ్డ అవ్వ అని ఆటపట్టించేవాళ్ళు. ఆవిడా నవ్వేది. చదువు రాదు. తన పేరెక్కడుందో చూపించమంటే కొట్లోకి తీసుకెళ్ళి చూపించాను. అద్దం మీద వేలితో తడిమి చూసుకుంది.

…లేదు. అక్కడేం రాసుందో నేను చదివి చెప్పలేదు. పాస్టరు చదివిన రోజు ఆవిడ చర్చికి రాలేదు.

పోయిన వానల్లో మతేయిస్ కూతురికి జ్వరం పట్టుకుంది. ఫ్రాన్సినా. పంతొమ్మిదేళ్ళు, పెళ్ళి కుదిరిన పిల్ల. నర్సు సెలవు మీద అంబోన్ పట్నం వెళ్ళింది. సముద్రం బాగాలేక అప్పటికే ఓడ రెండుసార్లు ఆగకుండానే పోయింది. అవ్వే నూనె తీసుకుని వెళ్ళి రాత్రీ పగలూ ఆ పిల్ల కాళ్ళు పట్టింది. నాలుగో రోజుకి పిల్ల పోయింది.

మతేయిస్ కొట్లో కూర్చుని గోడకేసి చూస్తుండిపోయాడు. సమాధి దగ్గర ఒక్క మాటే అన్నాడు. “పత్రికలో ముందే రాశారు. తెలిసీ ఇంట్లోకి రానిచ్చాం” అని.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ అవ్వ ఇంటికి వెళ్ళారు. తెల్లబట్టల్లోనే.

…కొట్టలేదమ్మా. ఎవరూ ఆవిడ మీద చెయ్యి వెయ్యలేదు. ఇంటి గోడల చెక్క పలకలు ఒక్కొక్కటీ విప్పి వరసగా పేర్చారు. చాలా జాగ్రత్తగా. ఆవిడ బయట రాయి మీద కూర్చుని చూసింది. వానకి కారుతోంది, బాగు చేస్తున్నారా నాయనా అని అడిగింది. ఇంకో పలక విప్పి పేర్చారు.

…నేనా? అక్కడే ఉన్నా. ఆవిడ బట్టలు మూట కట్టాను.

ఆవిడని పడవెక్కించారు. ఎదురుగా కొబ్బరి దీవి ఉంది చూడు, ఎవరూ ఉండరు… ఆ, నువ్వు అందంగా ఉందన్న దీవే. తినడానికి రెండు సాగో పిండి దిమ్మలిచ్చారు, ఒక కత్తి ఇచ్చారు. అగ్గిపెట్టె నేనిచ్చాను. పడవ కదులుతుంటే నా కోడిని చూసుకో దోర్కాసూ అంది. సాయంత్రానికి వచ్చేస్తాననుకుంది.

…చెబుతున్నాగా.

రోజూ పొద్దున దీవి మీద సన్నగా పొగ లేచేది. అందరం ఒడ్డున నిలబడి కాఫీ తాగుతూ చూసేవాళ్ళం. ఉంది, ఇంకా ఉంది అనుకునేవాళ్ళు. పదకొండు పొద్దులు అలా లేచింది. పన్నెండో రోజు వాన, అందుకే కనపడలేదనుకున్నాం. పదమూడో రోజు ఎండ బాగా కాసింది.

…

ఎవరూ వెళ్ళొద్దనలేదు. ఎవరూ వెళ్ళలేదు.

…పోలీసులకి ఎవరు చెబుతారమ్మా? పడవ తోలింది నా తోడబుట్టినవాడు. పలకలు విప్పింది నా పెద్ద కొడుకు.

…ఉంది, పడవ ఉంది. ఇంజనూ ఉంది. అరగంట ప్రయాణం. రెండుసార్లు పెట్రోలు పోసుకుని ఒడ్డుదాకా వెళ్ళాను. అక్కడ మతేయిస్ కూర్చుని ఉన్నాడు. ఎక్కడికి అన్నాడు. చేపలకి అని చెప్పి, చేపలకే వెళ్ళాను.

…అను. నువ్వేమన్నా అను, పడతాను. అంతా అయ్యాక నాకు నీతో పనుంది. నువ్వే ఫోన్ చేశావు, మంచిదయింది.

బడి టీచరు కూతురికి మూడు రోజులుగా జ్వరం… నర్సు ఉంది, మాత్రలిచ్చింది. తగ్గట్లేదు.

మతేయిస్ అంటున్నాడట, ఆ చేతబడి మనిషితో పోదు, దగ్గరివాళ్ళలో దూరుతుంది అని. అవ్వకి దగ్గర ఎవరు? పక్కిల్లు నాది. ఆవిడ లవంగం చెట్లు మూడూ నేనే కోసుకున్నాను. కోడీ నా దగ్గరే ఉంది. పోయిన ఆదివారం చర్చిలో నా బల్ల మీద నేనొక్కదాన్నే కూర్చున్నా. నేనమ్మే వేపిన అరటిపళ్ళు బుట్టలో అలాగే మిగిలిపోతున్నాయి. నిన్న మతేయిస్ వచ్చి మా ఇంటి ముందు నిలబడ్డాడు. పలకల్ని చూస్తున్నాడు.

…నాకు భయంగా ఉంది, లారాస్.

నువ్వెలాగూ పుస్తకం వేస్తున్నావు. ఆ నాలుగు వాక్యాలూ మార్చెయ్… తీసెయ్యకు, మార్చు. అప్పుడు పొరపాటు పడ్డాను, అసలు మనిషి వేరే అని రాయి. ఏరు సముద్రంలో కలిసేచోట వెల్మినా అని ఉంది.

…ఆ, బతికున్న మనిషే. అరవై దాటాయి. మొగుడు సముద్రంలో పోయాడు, పిల్లల్లేరు. అడిగేవాళ్ళెవరూ లేరు.

…ఆవిడ నాకేం చేస్తుంది పాపం. ఏమీ చేయలేదు.

నువ్వు రాస్తే నమ్ముతారమ్మా. నేను చెబితే నమ్మరు, ఎంత ఏడ్చినా నమ్మరు. పుస్తకం తర్వాత రానీ, ముందు ఒక్క కాగితం అచ్చు వేయించి వచ్చే ఓడకి పంపు. మతేయిస్ చేతికే ఇస్తాను.

…అరవకు. వాడెవడో ఇటే చూస్తున్నాడు.

…తప్పు నేనూ చేశాను, నువ్వూ చేశావు. నువ్వు జకార్తాలో ఉన్నావు. నేనిక్కడ ఉన్నాను.

లారాస్, విను. కాగితం ఉందా దగ్గర? వెల్మినా. ఇంటిపేరు కూడా చెబుతా, రాసుకో—

హలో?

…హలో.