ఎర్ర తువ్వాలు

హలో… ఆ, నేనే నాయనా, శివలీలను. హాస్టల్లోనే ఉండా. రేపు నీ సాక్ష్యం గదా? పొద్దున్నే బస్సెక్కుతావా…

ఏం చీటీ? …

మార్కెట్ యార్డు చీటీనా! ముద్దాయి వకీలు చేతికి యాడ దొరికె? …

ఉండుండు. నిదానంగా చెప్పు. వీరభద్ర చిన్నాయనను నరికిన దినం నువ్వు ఊర్లోనే లేవా? ఈడ, కర్నూల్లో, ఉల్లిగడ్డలు దించుతాండావా? …

మరి కళ్ళారా చూసినానని పోలీసులకు ఎట్ల చెప్తివి? …

అమ్మా? చూసింది అమ్మా? …

ఆడమనిషిని స్టేషన్ మెట్లు ఎక్కిస్తామా అని… ఇంటి తరపున పెద్దోడే మాట్లాడాలని… ఓయ్యో. అది రచ్చకట్ట కాడ చెల్లుతుంది నాయనా. కోర్టులో చెల్లదు. …

నవ్వాకు. చూసినోళ్ళే వచ్చి చెప్పాల. లా కాలేజీలో మాకు మొదట చెప్పిన పాఠాల్లో అదొకటి. అమ్మ చూసింది నీ నోట్లోంచి వస్తే, నరికినోడు ఎంత దూరంలో ఉన్నాడు, ఎంత వెలుతురు ఉండె అని అడిగితే నువ్వేం చెప్తావు? …

మధ్యాన్నానికే ఊరికి వచ్చేసినా అంటావా? … ప్రమాణం చేసి అబద్ధం చెప్తే నిన్నే లోపలేస్తారు.

అమ్మకియ్యి ఫోను. … ఇయ్యి అంటాండా గదా.

అమ్మా… ఏడవాకు. నువ్వు సద్ది ఎత్తుకోని చేనికి పోయినప్పుడు ఏం చూసినావో అది చెప్పు, చాలు. …

ఊ… మోటారు కొట్టం ఎనక అరుపు… ఊ…

మొక్కజొన్నలోకి దూరి పరిగెత్తినాడా. మొగం చూసినావా? …

వీపా? …

వీపు, తలకు ఎర్ర తువ్వాలు. అంతేనా అమ్మా? …

మరి వాడు పక్కచేని ఉరుకుందు అని ఎవరన్నారు? …

నాయనే అన్నాడా…

గెట్టు కాడ తగాదా వానితోనే గాబట్టి… తువ్వాలు కట్టేది వాడే గాబట్టి… మనూర్లో ఎర్ర తువ్వాలు లేనోడెవడు? మన నాయనకు లేదా?

రెండేండ్లాయ వాడు జైల్లో పడి. ఇన్ని దినాలూ నువ్వు ఒక్క మాట చెప్పలేదేమ్మా? …

…ఎవరూ అడగలేదా.

…

ఫోను నాయనకియ్యి. నాయనా, విన్నావా? రేపు బస్సుకు ఇద్దరూ రాండి. కోర్టు కాడ నేనుంటా. సర్కారు వకీలుకు ఉన్నదున్నట్టు చెప్దాం. …

చంపినోడు ఎవడో తేలదు, నిజమే. … చిన్నాయన నాకు మాత్రం ఎవరు? నన్ను భుజాన ఎత్తుకోని తిరిగినోడు గదా. అట్లని ఉరుకుందును బలి ఇస్తామా? …

అమ్మ రాదా? ఏంటికి? …

జ్వరమా! ఇప్పుడే గదా నాతో మాట్లాడింది. …

జ్వరం ఉండేదీ లేనిదీ అమ్మనే చెప్పనీ నాయనా. ఫోను అమ్మకియ్యి…

నాయనా?

హలో… అమ్మా… హలో—