ఇద్వాల్ గీసిన రెక్కల కుక్క

గొర్రెల సంత ముగిసే వేళకి టీ బడ్డీలో బల్లలన్నీ నిండిపోయాయి. నడిమి బల్ల మీద తన బొమ్మ పరిచి, దాని పక్కన పిడికిలితో గుద్ది మరీ తిడుతున్నాడు ఇద్వాల్. నిన్న ఊరి ప్రదర్శనలో ఆ పెన్సిల్ బొమ్మకి మొదటి బహుమతి కాదు కదా, మూడోది కూడా రాలేదు. పైగా గొర్రెల కుక్కకి రెక్కలుండవని దాని కింద ఒక ముక్క రాసి మరీ పోయాడట బహుమతులిచ్చే పెద్దమనిషి.

"ఉండవా? వాడి మొహం. వాడెప్పుడైనా వేల్స్ కొండెక్కి చచ్చాడా? కుర్చీలో కూచునేవాడు నాకు కుక్కల గురించి చెప్తాడా?"

మూల బల్ల దగ్గర మెయినిర్ పళ్లు బిగబట్టి వింటోంది. ఆ బొమ్మలో ఉన్నది ఆమె కుక్క నెల్. అది ఇప్పుడు బల్ల కింద ఆమె కాళ్ల దగ్గరే పడుకుని ఉంది.

ఇద్వాల్ అందుకున్నాడు. రెండేళ్ల కిందటి మార్చి మంచులో తను గోడ మీద కూచుని నెల్ బొమ్మ గీస్తున్నాడట, అంతకంటే గొప్ప పనేం కాదట. కళ్లు గీసేసరికి గోడవతలి గొర్రెలు బెదిరి లేచి నిలబడ్డాయట.

"కాగితాన్ని చూసా?" అన్నాడు లారీ నడిపే గ్లిన్.

"నోర్మూసుకుని విను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తోక గీశానో లేదో, అది కాగితం మీంచి దూకి కొండకేసి లగెత్తింది. పైన నా గొర్రెలు నలభై మంచులో కూరుకుపోయాయి కదా, వాటి కోసం. సగం దారిలో దీని కాళ్లూ దిగబడ్డాయి. నేనూరుకుంటానా? పెన్సిల్ చెక్కి, రెండు రెక్కలు గీసి గాల్లోకి విసిరా. తిన్నగా పోయి దాని భుజాలకి అతుక్కున్నాయి. ఒక్కో గొర్రెనీ వీపు మీది బొచ్చు పట్టుకుని దొడ్లో దించింది. నలభై తెమ్మంటే నలభై రెండు తెచ్చింది, రెండు పక్క లోయవి. ఇంకా పని కావాలని నా మొహంలోకి చూస్తుంటే, పొమ్మన్నా. మంచు మబ్బులన్నిటినీ మందలా కూడదీసి సరిహద్దు దాటించింది. ఆ ఏడు ఇంగ్లండులో అంత మంచు ఎందుకు పడిందనుకున్నార్రా? అలాంటి కుక్కకి, నేను గీసిన కుక్కకి, ఒక్క బహుమతి లేదు."

అందరూ పగలబడి నవ్వారు. నవ్విన కొద్దీ మెయినిర్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కొండ కింద నిలబడి ఈలలు వేసింది తను. ఆరుసార్లు పైకెళ్లి ఇద్వాల్ గొర్రెల్ని దించింది నెల్. ఆమె డబ్బు అడగలేదు. నెల్ తెచ్చిందన్న ఒక్క మాట నలుగురిలో అంటాడేమోనని రెండేళ్లు చూసింది. ఇప్పుడు ఆ మాట కాస్తా కాగితానికి పోతోంది.

ఆమె లేచి అతని బల్ల దగ్గరికొచ్చింది.

"ఏ ఈలకి తిరిగింది నీ కాగితం కుక్క? వేసి చూపించు."

ఆ కొండల్లో ఏ కుక్క ఈల దానిదే, ఇంకోటి వేస్తే చెవి కూడా కదపదు. ఇద్వాల్ మూతి ముడిచి ఊదాడు. మూల బల్ల కింద నెల్ కదల్లేదు. మెయినిర్ రెండు వేళ్లు నోట్లో పెట్టి ఒక్క ఈల వేసింది. నెల్ లేచి, బడ్డీ అంతా ఎడమ నుంచి చుట్టి వచ్చి, దారి తప్పిన గొర్రెని ఆపినట్టు ఇద్వాల్ ముందు నేలకి కరుచుకుని అతన్నే చూస్తూ ఉండిపోయింది. వచ్చింది మూడు కాళ్ల మీద. నవ్వులు ఆగిపోయాయి.

"రెక్కలు పెట్టుకో, నాకేం పోలేదు. కానీ నాలుగు కాళ్లెందుకు గీశావు? నాలుగోది నీ గొర్రెల కోసం మంచు కింద కంచె తీగలో ఇరుక్కుని పోయింది. నువ్వా రోజు పొయ్యి దగ్గర మేజోళ్లు ఆరబెట్టుకుంటున్నావు."

ఇద్వాల్ మొహం కందగడ్డ అయింది. అతను జేబులోంచి రబ్బరు తీసి, బొమ్మ మీదకి వంగి, ముందు కాలొకటి చెరపడం మొదలెట్టాడు.

"అది కాదు, కుడిది," అంది మెయినిర్. "ఎదురుగానే ఉందిగా. చూసి చెరుపు."